భోషాణానికి సరళరేఖలు, పదునైన మూలలు: స్ప్లైన్ సాఫ్ట్‌వేర్‌తో నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలోని మా తాతగారి ఇంటిని పోయిన వేసవిలో డెవలప్‌మెంటుకు ఇచ్చారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లన్నీ ఎవరికి వారు పంచుకున్నారు కానీ, మధ్యగదిలోని టేకు భోషాణం దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న ఆ పెట్టెకు ఎవరి ఫ్లాట్‌లోనూ చోటు లేదు. చివరకు తెనాలి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త ఇంటికి పంపాలని నిర్ణయించారు. లారీ రావడానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉండడంతో, దాన్ని అంగుళం అంగుళం కొలిచి కంప్యూటర్‌లో త్రీడీ నమూనాగా నిలుపుకోవాలని నేను అనుకున్నాను. నా దగ్గర ఉన్నది, చదువుకునే రోజుల్లో నేర్చుకుని ఇప్పటికీ వాడుతున్న యానిమేషన్: మాస్టర్. మార్టిన్ హ్యాష్ స్థాపించిన హ్యాష్ సంస్థ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో వస్తువులను చిన్న చిన్న చదును పలకలతో కాక, స్ప్లైన్లనే వక్రరేఖలతో అల్లుతారు. మూడు లేక నాలుగు స్ప్లైన్ ముక్కలు చుట్టూ మూసుకున్న చోట ఒక ప్యాచ్, అంటే ఒక ఉపరితలపు ముక్క, తనంతట తాను ఏర్పడుతుంది.

అంతకుముందు నేను దానిలో చేసినవన్నీ మనుషుల ముఖాలు, చేతులు, ఒక ఆవుదూడ, ఒక మట్టికుండ. అవన్నీ గుండ్రని వస్తువులు కాబట్టి స్ప్లైన్ వాటికి అనువుగా వంగింది. ముఖం చేయగలిగిన వాడికి పెట్టె ఎంతలో పని అనుకుని, ఒక్క సాయంత్రంలో ముగించవచ్చని మొదలుపెట్టాను. అది పదకొండు రోజులు పట్టింది. భోషాణం తెనాలి చేరిన తరువాత కూడా నా నమూనా పూర్తి కాలేదు.

మొదట పై నుంచి చూసే కోణంలో నాలుగు మూలలకు నాలుగు బిందువులు పెట్టి, గీతను మూసివేశాను. దీర్ఘచతురస్రం రావలసిన చోట దిండులాంటి ఆకారం వచ్చింది. నాలుగు భుజాలూ బయటికి ఉబ్బాయి. అందులోనూ నలభై ఎనిమిది అంగుళాల పొడవు భుజం కంటే ఇరవై నాలుగు అంగుళాల పొట్టి భుజమే ఎక్కువ ఉబ్బినట్టు కనిపించడం నాకు వింతగా తోచింది. పొడవైన గీత కదా ఎక్కువ వంగాలి? బిందువులను అటూ ఇటూ జరిపి చూశాను, గ్రిడ్‌కు అంటుకునేలా చేసి చూశాను. బిందువులు కచ్చితంగా ఉండవలసిన చోటే ఉన్నాయి, గీత మాత్రం తన దారిన తాను పోతోంది.

మా నాన్నగారు వెనక నిలబడి కాసేపు చూసి, "నిలువు గీత, అడ్డ గీత గియ్యడానికి ఇంత సేపెందుకురా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన సమాధానం తెలుసుకోవాలనే నేను ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

స్ప్లైన్ అనే మాట ఓడల నమూనాలు గీసేవారి బల్ల మీద నుంచి వచ్చింది. వాళ్లు సన్నని చెక్క బద్దను కావలసిన చోట్ల సీసపు బరువులతో నొక్కిపెట్టి, అది ఎలా వంగితే అలా గీత గీసుకునేవారు. బద్ద విరగనంత వరకు దానికి మూల అనేది ఉండదు. ఒక బరువు దగ్గర ఎటు తిరగాలో అది తన రెండు పక్కల బరువులను బట్టి తేల్చుకుంటుంది. కంప్యూటర్‌లోని స్ప్లైన్‌దీ అదే స్వభావం. 1974లో ఎడ్విన్ క్యాట్‌మల్, రఫాయెల్ రామ్ ప్రచురించిన సూత్రం ఈ జాతి గీతలకు చక్కని ఉదాహరణ. గీత ప్రతి బిందువు గుండానూ పోతుంది. అయితే ఆ బిందువు దగ్గర గీత పోయే దిశ, అంటే స్పర్శరేఖ, దానికి ముందున్న బిందువునూ తరువాతి బిందువునూ కలిపే రేఖకు సమాంతరంగా ఉంటుంది. నాకు కావలసిన మెలకువ అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

నా పెట్టెకు దాన్ని వర్తింపజేసి చూశాను. ఒక మూలకు ఒక పక్క నలభై ఎనిమిది అంగుళాల దూరంలో ఒక బిందువు, ఇంకో పక్క ఇరవై నాలుగు అంగుళాల దూరంలో మరొకటి ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే రేఖ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, మూల దగ్గర గీత కూడా ఏటవాలుగానే ప్రయాణించాలి. అంటే అది భుజం వెంట బయలుదేరదు, బయటికి బయలుదేరి మళ్లీ లోపలికి రావాలి. లెక్క వేస్తే, దీర్ఘచతురస్రంలో ఒక భుజం మధ్యలో వచ్చే ఉబ్బు ఆ భుజం పొడవు మీద అసలు ఆధారపడదని, పక్క భుజంలో సరిగ్గా ఎనిమిదో వంతు ఉంటుందని తేలింది. పొడవు భుజానికి పక్కన ఉన్నది ఇరవై నాలుగు అంగుళాలు కనుక దాని ఉబ్బు మూడు అంగుళాలు. పొట్టి భుజానికి పక్కన ఉన్నది నలభై ఎనిమిది కనుక దాని ఉబ్బు ఆరు అంగుళాలు. రెండడుగుల భుజం అరడుగు ఉబ్బితే దిండులా కనిపించక ఏమవుతుంది? సాఫ్ట్‌వేర్ సొంత సూత్రం ఇదే సూత్రానికి అక్షరాలా సమానం కాకపోవచ్చు కానీ, తెర మీద నేను చూసిన ఆకారం ఈ లెక్కతో సరిపోయింది. సరళరేఖ అనేది రెండు చివరి బిందువుల సొంత వ్యవహారం కాదని, వాటికి అవతల ఉన్న ఇరుగుపొరుగు కూడా అందులో పాలుపంచుకుంటారని ఆ రాత్రి నాకు అర్థమైంది.

మరునాడు నాకు తట్టిన ఉపాయం, భుజం మధ్యలో ఇంకో బిందువు పెట్టి గీతను లోపలికి బిగించడం. అలా ప్రతి భుజానికీ మధ్య బిందువు పెట్టాను. ఉబ్బు తగ్గిన మాట నిజమే. అయితే అది పోలేదు, రెండుగా చీలి మూలల వైపుకు జరిగింది. గీత మూల దగ్గర కొద్దిగా పొంగి, మధ్యలో చదునుగా సాగి, మళ్లీ అవతలి మూల దగ్గర పొంగింది. దూరం నుంచి చూస్తే నిటారుగానే ఉన్నట్టు ఉంటుంది. లైటు వేసి చూస్తే మాత్రం ఎండకు వంకర పోయిన ప్లైవుడ్ పలకలా నీడలు కదిలాయి. ఇది మొదటి దిండు కంటే అన్యాయమైన తప్పు, ఎందుకంటే తప్పని తెలిసేసరికి దాని మీద ఇంకా చాలా పని జరిగిపోయి ఉంటుంది. నేను ఆ దశలోనే ఇత్తడి పట్టీలు కూడా చేసి అతికించాను. పలకతో పాటు అవి కూడా అలలు పోయాయి. అవన్నీ తీసివేయవలసి వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో దీనికి నేరుగా ఒక మందు ఉంది. బిందువును ఎంచుకుని కీబోర్డ్‌లో పి అక్షరం నొక్కితే ఆ బిందువు పీక్ అవుతుంది, ఓ నొక్కితే మళ్లీ స్మూత్ అవుతుంది. పీక్ చేసిన బిందువు దగ్గర గీత ఇరుగుపొరుగుల మాట వినడం మానేస్తుంది. బద్దను ఆ చోట విరిచినట్టే. వరసగా రెండు బిందువులు పీక్ అయితే వాటి మధ్య ముక్క కచ్చితమైన సరళరేఖ. నాలుగు మూలలనూ ఎంచుకుని పి నొక్కగానే దిండు పెట్టె అయింది. ఈ మీట సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. కానీ ముఖాలు చేసే అలవాటు వల్ల, పీక్ వాడడం చేతకానివాళ్ల పని అనే ఒక తప్పుడు గర్వం నాలో ఉండేది. ముక్కు మీద పీక్ తప్పే. పెట్టె మూలలో మాత్రం అది తప్పు కాదు.

ఇదే స్వభావం వల్ల ఇంకో చోట కూడా మోసపోయాను. అడుగు చట్రాన్ని ముప్పై అంగుళాలు పైకి ఎత్తి గోడలు లేపినప్పుడు నిలువు గీతలు ఏ పీక్ లేకుండానే నిటారుగా వచ్చాయి. నిలువు దారి సరిగ్గా ఉందని సంతోషించాను. అవి నిటారుగా ఉండడానికి కారణం వాటికి రెండే బిందువులు ఉండడం, పక్కకు లాగే మూడోది లేకపోవడం. పైన మూత కప్పడానికి ఆ గీతలనే పొడిగించి అడ్డంగా అవతలికి దించగానే, అంతసేపూ నిటారుగా నిలబడిన గోడలు ఒక్కసారిగా పొట్టలు వేసుకున్నాయి. గోడల బిందువులను నేను ముట్టుకోనైనా లేదు. మూత వేస్తే గోడ వంగింది. ఇరుగుపొరుగు సూత్రం తెలియనివాడికి ఇది సాఫ్ట్‌వేర్ లోపంలా కనిపిస్తుంది.

అసలు పాఠం నాకు చెప్పింది మాత్రం పెట్టె కాదు, దాని తాళం చుట్టూ ఉన్న ఇత్తడి బిళ్ల. అది అరచేయంత గుండ్రని బిళ్ల. చుట్టూ ఒక మెట్టు, మెట్టు అంచు పదునుగా, లోపల బొడిపె నున్నగా ఉంటాయి. దాని సగం కోతను గీసి, అక్షం చుట్టూ ఎనిమిది భాగాలుగా తిప్పి ఆకారం తెచ్చాను. మెట్టు అంచు మొద్దుగా వచ్చింది. పెట్టె దగ్గర నేర్చిన విద్యే కదా అని ఆ అంచు మీది ఎనిమిది బిందువులనూ ఎంచుకుని పి నొక్కాను. అంచు పదునెక్కింది, కానీ గుండ్రని బిళ్ల ఎనిమిది పలకల బిళ్ల అయి కూర్చుంది. ఓ నొక్కితే వృత్తం వచ్చింది, పదును పోయింది. పి, ఓ, పి, ఓ అంటూ ఒక గంట గడిచింది.

అప్పుడు ఆ అంచు మీది ఒక్క బిందువును పెద్దది చేసి తీరిగ్గా చూశాను. ఆ బిందువులో నిజానికి రెండు గీతలు కలుస్తున్నాయి. ఒకటి అంచు వెంట వృత్తంగా తిరిగేది, రెండోది అంచును దాటి, మెట్టు ఎక్కి, బొడిపె వైపు పోయేది. మంగళగిరి మగ్గం మీద పడుగు, పేక కలిసే చోటులాంటిది అది. తెర మీద ఒక్క చుక్కగా కనిపించినా, పడుగు బిందువు వేరు, పేక బిందువు వేరు. ఒకదాన్ని పీక్ చేసి, రెండోదాన్ని స్మూత్‌గా ఉంచవచ్చు. నేను ఇంతసేపూ రెండింటినీ కలిపి మారుస్తున్నాను. అంచును దాటే గీతలను మాత్రమే పీక్ చేసి, అంచు వెంట తిరిగే గీతను స్మూత్‌గా వదిలేశాను. వృత్తం వృత్తంగానే ఉంది, మెట్టు కత్తి అంచులా నిలిచింది.

అంచు పదునుగా ఉండడం అనేది అంచు వెంట పోయే గీత లక్షణం కాదు, అంచును దాటే గీతల లక్షణం. అంచు నిటారుగా ఉండడం, గుండ్రంగా ఉండడం అనేది అంచు వెంట పోయే గీత లక్షణం. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోవాలని తెలియక నేను వాటిని ఒకే మీటతో పరిష్కరించబోయాను. ఇది తెలిసిన తరువాత పెట్టెను మొదటి నుంచీ మళ్లీ చేశాను. ఈసారి ప్రతి అంచు దగ్గరా ఏ గీత దాటుతోంది, ఏ గీత వెంట పోతోంది అని చూసుకుంటూ చేశాను. ముందు పలక మీద తాళపు కన్నం కోసం గీతలు వంపు తిరగవలసి వచ్చినా పలక చదునుగానే ఉంది. ఆ పలక మీది బిందువులన్నీ ఒకే తలంలో ఉన్నాయి. పక్క పలకలోకి దాటే గీతలు అంచు దగ్గర పీక్ అయి ఉన్నాయి. అలాంటప్పుడు లోపల గీత ఎన్ని వంపులు తిరిగినా తలాన్ని వదిలి బయటికి రాలేదు.

ఇంతటితో సమస్య తీరిందనుకుని, లైట్లు పెట్టి, టేకు రంగు ఇచ్చి చిత్రం తీయించాను. కొలతలన్నీ సరిపోయాయి. మూలలు పదునుగా ఉన్నాయి. గీతలు గీచినట్టు ఉన్నాయి. అయినా అది అట్టపెట్టెలా కనిపించింది, టేకు భోషాణంలా కనిపించలేదు. కారణం నాకు పట్టుబడలేదు.

మా వీధి చివర వడ్రంగి పని చేసే పెద్దాయన ఒకరున్నారు. భోషాణం లారీలోకి ఎక్కించే ముందు దాని బందులు బిగించడానికి నాన్నగారు ఆయన్ను పిలిపించారు. ఆయన పని ముగించాక, "బాబాయ్ గారూ, ఒకసారి ఇది చూడండి" అని లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆ తరువాత తెరను వదిలేసి, నా చెయ్యి పట్టుకుని అసలు భోషాణం అంచు మీద నా బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాయించారు.

"కోస్తోందా నాయనా?" అని అడిగారు.

"లేదండీ."

"మూలమట్టం పెడితే ఇది మూలే. చేత్తో తడిమితే మూల కాదు. అంచుని అలా పదునుగా వదిలేస్తే చెయ్యి కోస్తుంది, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. అందుకని చిత్రిక ఒక్కసారి అంచు మీద లాగి, ఉప్పు కాగితం పట్టిస్తాం. నువ్వు అది పట్టించలేదు."

నేను వేలికి తగిలిన ఆ అంచును కొలిచి చూశాను. మహా అయితే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇన్నేళ్లుగా ఆ పెట్టె మీద కూర్చుని అన్నం తిన్నవాడినే, ఆ అంచు విరిచి ఉందని, అంటే దాని పదును చిత్రికతో తీసేసి ఉందని, ఎన్నడూ గమనించలేదు. గమనించకపోయినా, కన్ను దాన్ని చూస్తూనే ఉంది. పూర్తిగా పదునైన అంచుకు వెడల్పు ఉండదు కాబట్టి వెలుగు పట్టుకునేందుకు దాని మీద చోటు ఉండదు. ఒక పలక వెలుగులో, పక్క పలక నీడలో ఉండి, మధ్యలో ఏమీ ఉండదు. విరిచిన అంచు మీద మాత్రం కిటికీ వెలుగు ఒక సన్నని తెల్లని గీతగా మెరుస్తుంది. ఇది చెక్క, దీనికి మందం ఉంది, బరువు ఉంది అని మనసుకు చెప్పేది ఆ గీతే. నా చిత్రంలో లేనిది అదే.

ఆ రాత్రి పీక్‌లు చాలా వరకు తీసివేశాను. ప్రతి మూలలో ఉన్న ఒక్క బిందువు స్థానంలో రెండు పెట్టాను. మూలకు ఇటు ఎనిమిదో వంతు అంగుళం దూరంలో ఒకటి, అటు అంతే దూరంలో ఇంకొకటి, రెండూ స్మూత్. స్మూత్ అంటే మళ్లీ ఉబ్బు వస్తుందేమో అని భయపడి మళ్లీ లెక్క వేశాను. ఈసారి పొడవు భుజానికి పక్కన ఉన్న ముక్క ఇరవై నాలుగు అంగుళాలు కాదు, మూల దగ్గరి చిన్న ముక్క మాత్రమే. అది అడ్డంగా జరిగేది అంగుళంలో ఎనిమిదో వంతు. ఉబ్బు అందులో మళ్లీ ఎనిమిదో వంతు, అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు. నాలుగు అడుగుల పలకకు అది కంటికి ఆనదు. మొదటి రోజు మూడు అంగుళాలు ఉబ్బించిన సూత్రమే ఈసారి సరళరేఖను కాపాడింది. బిందువుల జంట ఎంత దగ్గరగా ఉంటే మూల అంత పదును, పక్క భుజాలు అంత నిటారు. అదే అంచును ముట్టుకుంటే కొయ్యనంత మెత్తదనం కూడా దానితోనే వచ్చింది. ఇది తెలిశాక పీక్‌ను నేను కొన్ని చోట్లకే పరిమితం చేశాను. రెండు పలకలు అతికిన సందులు, ఇత్తడి మీద ఉలితో కొట్టిన గాట్లు, ఎవరూ దగ్గరగా చూడని అడుగు భాగం, ఇవే ఆ చోట్లు.

బయాస్ అనే మరో సదుపాయంతో కూడా కొంత కుస్తీ పట్టాను. ప్రతి బిందువు దగ్గరా స్పర్శరేఖ దిశను ఆల్ఫా, గామా అనే రెండు కోణాలతో తిప్పవచ్చు, దాని పొడవును మాగ్నిట్యూడ్‌తో పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఒక ముక్కకు రెండు చివరలా స్పర్శరేఖలను సగానికి తగ్గిస్తే ఉబ్బు కూడా సగానికి తగ్గుతుంది. ఒకటి రెండు చోట్ల ఇది ఎంతో మేలు చేస్తుంది. కానీ పెట్టెకంతటికీ ఇలా దిద్దుకుంటూ పోతే, తరువాత ఏ బిందువును జరిపినా పాత దిద్దుబాటు కొత్త తప్పు అవుతుంది. అలా రెండు రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి, ముందు బిందువులను సరైన చోట పెట్టడం, బయాస్‌ను చివరికి మిగుల్చుకోవడం మేలని నా అభిప్రాయం.

మూడు అంచులు కలిసే పెట్టె మూలల దగ్గర మాత్రం నేను పూర్తిగా గెలవలేదు. మూడు విరిచిన అంచులు ఒకచోట చేరితే అక్కడ మూడు భుజాల ప్యాచ్ మిగులుతుంది, దాని మీద మెరుపు ఒక చోట నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. మా భోషాణానికి ఆ మూలల మీదే ఇత్తడి కప్పులు ఉన్నాయి. చెక్క మీద దాగే ఆ నొక్కు ఇత్తడి మీద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కప్పును చిన్న నాలుగు భుజాల ప్యాచ్‌లుగా విభజించాక చాలా వరకు తగ్గింది. ఇప్పటికీ ఒక కోణంలో చూస్తే కొద్దిగా తెలుస్తుంది.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంటీరియర్ డిజైన్ చేసే నా స్నేహితుడు ఈ నమూనా అడిగాడు. అతను వాడేది రైనో అనే వేరే త్రీడీ సాఫ్ట్‌వేర్. అందులో పని చేసేది నర్బ్స్ అనే మరో జాతి వక్రరేఖలు. ఫైలు నేరుగా పోకపోవడంతో ముఖ్యమైన గీతలను అక్కడ మళ్లీ గీయవలసి వచ్చింది. ఇక్కడ ఇబ్బంది తలకిందులైంది. ఆ జాతిలో మామూలుగా వాడే క్యూబిక్ బి-స్ప్లైన్ అనే గీత బిందువుల గుండా పోదు, వాటి వైపు వంగుతుంది. మూలలో ఒక బిందువు పెడితే గీత ఉబ్బదు సరికదా, మూలను కోసుకుని లోపలి నుంచి పోతుంది. బిందువులు ఆరేసి అంగుళాల దూరంలో సమానంగా ఉంటే, లంబకోణపు మూల దగ్గర గీత రెండు భుజాల నుంచీ అంగుళం చొప్పున లోపలికి జరిగి పోతుంది. అదే మూలలో రెండు బిందువులను ఒకదాని మీద ఒకటి పెడితే గీత ఇంకా దగ్గరికి వస్తుంది కానీ మూలను తాకదు. మూడు పెడితే కచ్చితంగా మూలకు చేరి, అక్కడ విరిగినట్టు మలుపు తిరుగుతుంది. సరళరేఖకు కూడా అక్కడ ఒక లెక్క ఉంది. వరసగా నాలుగు బిందువులు ఒకే రేఖ మీద ఉంటే ఆ నాలుగింటికీ చెందిన గీత ముక్క ఆ రేఖను వదిలి పోలేదు. మూడు మాత్రమే ఉంటే గీత ఆ రేఖను ఒక్క చోట తాకి పక్కకు తప్పుకుంటుంది.

నేను ఈ మూడు బిందువుల విద్య చూపించి మురిసిపోతుంటే, నా స్నేహితుడు దగ్గరికి కుర్చీ లాక్కుని, "పెట్టెకు ఇదంతా ఎందుకు, డిగ్రీ ఒకటికి మార్చు" అన్నాడు. డిగ్రీ ఒకటి అంటే గీతకు వంగే శక్తే ఉండదు, బిందువు నుంచి బిందువుకు సూటిగా పోతుంది. పెట్టెను అలా సరళరేఖలతో గీసి, తరువాత అంచులకు ఫిల్లెట్, అంటే గుండ్రని మలుపు, ఇస్తే ఎనిమిదో వంతు మెత్తదనం కూడా వస్తుంది. అతని మాట నిజమే. ఒకే గీత కొంత మేర నిటారుగా పోయి, మరి కొంత మేర వంపు తిరగవలసిన ఇత్తడి పిడి దగ్గర మాత్రం నా మూడు బిందువులే పనికి వచ్చాయి.

పదో రోజున చిత్రాన్ని మళ్లీ తీయించి నాన్నగారికి చూపించాను. అంచుల మీద వెలుగు గీత వచ్చింది, ఇత్తడి మెరిసింది. ఆయన చూసి బాగుందన్నారు. కొంచెంసేపటికి, "కొత్తదానిలా ఉందిరా. మనది ఇంత సూటిగా ఉండదు" అన్నారు.

అప్పటికి భోషాణం తెనాలి దగ్గరి పల్లెకు వెళ్లిపోయింది. మేనత్తకు ఫోన్ చేసి, మూత మీద ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి పట్టి, మధ్యలో దారానికీ చెక్కకూ మధ్య సందు ఎంత ఉందో చూడమని అడిగాను. ఆవిడ మనవడి చేత దారం పట్టించి, స్కేలు పెట్టి చూసి, "పావు అంగుళం ఉందయ్యా నడిమిట్లో. ఎంత మంది కూర్చున్నారో దాని మీద, దిగదా మరి?" అన్నారు.

మూత పొడవు అంచుల మధ్యలో ఒక్కొక్క బిందువు చేర్చి, పావు అంగుళం కిందికి దించాను. చివరి బిందువులను ముట్టుకోలేదు. మధ్య బిందువులను స్మూత్‌గానే వదిలేశాను. ఆ చోట గీతకు నేను చెప్పవలసినది ఇంకేమీ లేకపోయింది.